అచ్చు ఒకటే, రంగు వేరు

నేటి సాయంకాలము నేను బొమ్మ విమానములను గూర్చి మాటలాడబోవుచున్నాను. ఆ మాట వినగానే ఇది పిల్లల కార్యక్రమము కాబోలునని మీలో కొందరు ఇంటిలోని చిన్నవాండ్రను పిలువబోవుదురేమో. వలదు. ఇది నావంటి పెద్దవారి గోడు. అరువదియేండ్లు దాటినవాడు, బ్యాంకులో ముప్పది సంవత్సరములకు పైగా పరుల లెక్కలు వ్రాసి విశ్రాంతి తీసికొన్నవాడు, అరచేతిలో ఇమిడెడి లోహపు విమానములను కొని అద్దాల బీరువాలో వరుసలు తీర్చి నిలుపుకొనుచున్నాడన్నచో నవ్వు వచ్చుట సహజమే. తపాలా బిళ్లలు కూర్చువానిని చూచి ఎవరును నవ్వరు. పాత నాణెములు కూర్చువానికి పండితుడన్న పేరు కూడ వచ్చును. విమానములు కూర్చువానికి మాత్రము ఇంటను బయటను ఒక్కటే ప్రశ్న: "ఈ వయసులో ఈ బొమ్మలేమిటండీ?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకు నేను రాలేదు. ఈ వేడుక గల మాలో మాకు చిరకాలముగా ఒక అసంతృప్తి కలదు. ఏ నెలకానెల క్రొత్తవని చెప్పి అంగడికి వచ్చుచున్న బొమ్మలు నిజమునకు క్రొత్తవి కావు. అవే విమానములు, అవే రంగులు, అవే పెట్టెలు. ఈ ఫిర్యాదును మీ యెదుట పెట్టి, అది యెంతవరకు న్యాయమో, అందులో మా వంతు దోషమెంతయో తూచి చూడవలెనని నా యుద్దేశము.

మొదట నాకీ పిచ్చి యెట్లు పట్టినదో చెప్పెదను. నేను సికింద్రాబాదులో పుట్టి పెరిగినవాడను. నాకు ఎనిమిది తొమ్మిదేండ్ల వయసున, అనగా 1973 ప్రాంతమున, మా చిన్నాన్న ఆదివారము సాయంకాలములందు నన్ను సైకిలు ముందరి కడ్డీమీద కూర్చుండబెట్టుకొని బేగంపేట విమానాశ్రయపు కంచె దగ్గరకు తీసికొనిపోయెడివాడు. అక్కడ వేరుసెనగకాయలు నమలుచు, వచ్చెడి విమానములను పోయెడి విమానములను చూచుటయే మా వినోదము. వాటిలో నా మనస్సును దోచినది అవ్రో 748 అను రెండు యంత్రముల విమానము. ఇంగ్లండులో రూపొందిన ఆ విమానమును మన దేశముననే, కాన్పూరులో, హిందుస్థాన్ ఏరోనాటిక్సువారు కట్టెడివారు. అట్లు కట్టినవి మొత్తము 89. దానికి అమర్చిన డార్టు యంత్రములు కదలినపుడు చెవులు చిల్లులు పడునట్టి ఈల పుట్టెడిది. చిన్నాన్న చెవులు మూసికొనెడివాడు. నేను మూసికొనెడివాడను కాను. ఆ ఈల దూరమై, సన్నమై, హుస్సేనుసాగరము మీదుగా మాసిపోవువరకు నోటిలోని గింజ నమలక నిలిచియుండెడివాడను.

తరువాత చదువు, ఉద్యోగము, సంసారము. విమానములను మరచితిని. 2003 లో మా బావమరిది అమెరికానుండి వచ్చుచు నాకొక చిన్న పెట్టె తెచ్చియిచ్చెను. విప్పిచూతును గదా, అందులో ఎయిర్ ఇండియావారి బోయింగు 747! కిటికీ కిటికీకి చుట్టును రాజస్థాను హవేలీల ఝరోకావలె ఎఱ్ఱని తోరణము. లెక్కపెట్టదగినంత స్పష్టముగా ఉన్నది. 1971 లో ఎయిర్ ఇండియాకు వచ్చిన తొలి 747 'ఎంపరర్ అశోక' మొదలుకొని చాలకాలము ఆ సంస్థవారి పెద్ద విమానములకు ఆ తోరణములే గుర్తు. అరచేతిలో ఆ బొమ్మను పెట్టుకొనిన క్షణమున ముప్పది సంవత్సరములు వెనుకకు జరిగినవి. కంచె దగ్గర నిలిచిన పిల్లవాడు తిరిగివచ్చినాడు. అదియే ఆరంభము.

ఈ బొమ్మలను గూర్చి తెలియనివారికి నాలుగు మాటలు చెప్పవలెను. ఇవి కొయ్యతోను మైనముతోను చేసినవి కావు, పోతబొమ్మలు. తుత్తునాగము ముఖ్యముగా, కొంచెము అల్యూమినియము, మరికొంచెము మెగ్నీషియము, రాగి చేర్చిన మిశ్రలోహమును కరగించి, ఉక్కుతో చెక్కిన అచ్చులోనికి ఒత్తిడితో ఎక్కించి పోతపోయుదురు. ఈ లోహమునకు జమాక్ అని పేరు. 1929 లో అమెరికాలోని న్యూజెర్సీ జింకు కంపెనీవారు దీనిని సిద్ధపరచిరి. ఆ నాలుగు ధాతువుల జర్మను పేర్ల మొదటి అక్షరములే ఈ పేరునకు మూలము. ఇది తక్కువ వేడికే కరగును, అచ్చు మూలమూలలకు పారును, చల్లారిన పిమ్మట గట్టిగా నిలుచును. అందుచేతనే వెండ్రుకవంటి సన్నని గీతలుకూడ దానిలో దిగును.

కొలతల విషయము. నిజమైన విమానములో 400 వ వంతు, 500 వ వంతు, 200 వ వంతు అని మూడు ప్రధాన పరిమాణములు. జర్మనీలోని హెర్పావారు 500 వ వంతునకు ప్రసిద్ధులు. అమెరికాలో 1998 లో వెలసిన జెమిని జెట్సువారు 400 వ వంతును ఎందరికో అలవాటుచేసిరి. బోయింగు 747-400 నిజముగా 70 మీటరులకు మించిన పొడవుగలది; 400 వ వంతున అది 17 సెంటిమీటరులు దాటును. అవ్రో 748 అదే కొలతలో 5 సెంటిమీటరులు, నా బొటనవ్రేలంత. ఒకే కొలతలో అన్నిటిని ప్రక్కప్రక్కన నిలిపినచో ఏనుగెంతయో, ఎలుకయెంతయో కంటికి తెలియును. విమానయాన చరిత్రమంతయు రెండడుగుల బీరువాలో పరచుకొనును. మా యాశ అదియే. మేము కోరునది బొమ్మలు కాదు. ఆకాశమున సంచరించిన వానినెల్ల వానివాని రంగులతో ఒక్కచోట చూడవలెనన్న కోరిక.

ఇక గోడు వినుడు. ఈ బొమ్మలు చేయువారు నెలకొకమారు క్రొత్తవాని పట్టికను ప్రకటింతురు. ఆ దినము మాకు పండుగవంటిది. పట్టిక తెరువగానే ఏమి కనబడును? బోయింగు 777-300ఈఆర్. దాని క్రింద మరియొక 777-300ఈఆర్. ఆపై ఎయిర్‌బస్ ఏ350. దాని వెనుక ఏ320 నియో, బోయింగు 737-800. సంస్థల పేర్లును అవే: లోకములో నెల్ల అధికముగా 777 లు నడుపు ఎమిరేట్సు, తరువాత లుఫ్తాన్సా, బ్రిటిష్ ఎయిర్‌వేస్, యునైటెడ్. పోయిన యేట వచ్చిన బొమ్మకును ఈయేటి బొమ్మకును భేదమేమని భూతద్దము పెట్టి వెదకినచో, తోక దగ్గర రిజిస్ట్రేషను అక్షరములలో చివరిది మారియుండును. లేనిచో పందెముల పేరో పండుగ పేరో తెలుపు చిన్న చీటి తలుపు ప్రక్కన చేరియుండును. అదియును లేనిచో, దిగునపుడు రెక్కల వెనుక వాలెడి రేకులు ముడిచినది ఒకటి, వాల్చినది ఒకటి అని ఒకే విమానమును రెండుగా అమ్ముదురు. పెట్టెమీద మాత్రము 'పరిమిత సంఖ్య' అను మాట బంగారు వన్నెలో మెరయుచుండును.

మా యింట జరిగిన సంగతి చెప్పెదను. రెండేండ్ల క్రిందట ఒక 777 ను అయిదువేల రూపాయలకు పైగా పోసి తెప్పించితిని. పేరు చెప్పను గాని, దానిని చేసిన సంస్థవారి ప్రకటనలో క్రొత్త అచ్చు అను భావము కలుగునట్టి మాటలు ఉన్నవి. ఎదురుచూచి ఎదురుచూచి, పెట్టె రాగానే మా మనుమరాలిని పిలిచితిని. ఆ పిల్లకు ఏడేండ్లు. బీరువాలోని పాత 777 ప్రక్కన క్రొత్తదానిని నిలిపి, "చూడమ్మా, ఎంత బాగున్నదో!" అంటిని. ఆ పిల్ల ఒకమారు దీనిని, ఒకమారు దానిని చూచి, "ఇవి కవలలా తాతయ్యా?" అని యడిగెను. కాదమ్మా, భేదమున్నదని చెప్పబోయి వెదకితిని. రెక్క అదే, యంత్రము అదే, చక్రము అదే. రెక్క శరీరమును కలియుచోట గల అతుకుగీతకూడ అదే. అక్షరమొక్కటి వేరు. ఆ యక్షరమును వ్రేలితో చూపినాను. పిల్ల తల యూపి, "అంతేనా?" అన్నది. ఆ మూడక్షరముల మాటకు నావద్ద జవాబు లేకపోయినది.

ఆ రాత్రి కోపముతో ఆ సంస్థవారికి ఒక ఉత్తరము వ్రాసితిని. వ్రాసిన పిమ్మట, బ్యాంకు ఉద్యోగము నేర్పిన అలవాటు చొప్పున, ఎదుటివాని లెక్కకూడ చూడవలెనని తోచి, ఉత్తరమును ఆపి ఆలోచింప మొదలిడితిని. ఆలోచించినకొలది నా కోపమునకు అడుగున ఒక్కొక్క రాయి కదలసాగినది.

లెక్క ఇట్లున్నది. ఈ వ్యాపారమున అన్నిటికన్న గొప్ప వ్యయము ఉక్కు అచ్చునకే. విమానపు కొలతలు సేకరించి, చిత్రపటములు గీయించి, శరీరమునకు, రెక్కలకు, తోకకు, యంత్రములకు వేర్వేరుగా అచ్చులు చెక్కించి, సరిచూచి, తప్పున్నచో మరల చెక్కింపవలెను. మొదటి బొమ్మ బయటకు రాకముందే ఆ ధనమంతయు వెచ్చమగును. కాని ఒకమారు అచ్చు కుదిరినదా, దానినుండి లక్షలకొలది పోతలు తీయవచ్చును. ఆపైన రంగు వేయుట సులభము. చెక్కిన పలకమీది సిరాను మెత్తని సిలికోను దిండొకటి అంటించుకొని, వంకరగానున్న లోహముమీద ఒత్తును. గీత చెదరక దిగును. ఒక్కొక్క వర్ణమునకు ఒక్కొక్క ఒత్తు. సంస్థపేరు మార్చవలెనన్నను, అక్షరము మార్చవలెనన్నను పలక మార్చిన చాలును. ఒక అచ్చుకు పెట్టిన సొమ్ము తిరిగిరావలెనన్నచో ఆ యచ్చు విశ్రాంతి లేక పనిచేయవలసినదే. గానుగెద్దు తిరిగిన త్రోవనే తిరుగుట దానికి ఇష్టమై కాదు గదా!

మరియొక చిక్కు చిన్న విమానములకు సంబంధించినది. అవ్రో బొమ్మకు పట్టు లోహము 747 బొమ్మకు పట్టు లోహములో అతిస్వల్పము. అందుచేత దాని వెలయు అతిస్వల్పముగా నుండవలెనని కొనువాడు తలచును. కాని అచ్చు చెక్కుటకు, రంగు ఒత్తుటకు, చేతితో అతికి పెట్టెలో పెట్టుటకు పట్టు శ్రమ ఇంచుమించు ఒక్కటే. కావున బొటనవ్రేలంత విమానమునకు జానెడు విమానపు వెలలో ముప్పాతికయైన చెప్పవలసివచ్చును. కొనువాడు రెండిటిని చేతులలో తూచి పెద్దదానినే కొనిపోవును. ఇది మానవస్వభావము. కూరగాయల అంగడిలో మనము చేయునదియు ఇదియే.

ఇంకొకటి, అనుమతి. విమానసంస్థల గుర్తులను, పేర్లను ముద్రించుటకు ఆ సంస్థల సమ్మతి పొందవలసియుండును. కొన్నిచోట్ల దానికి రుసుమును చెల్లింపవలెను. నేడు వ్యాపారము చేయుచున్న గొప్ప సంస్థకు తన బొమ్మ ప్రచారము గనుక దానితో మాటలాడుటకు మనుష్యులుందురు. కాలగర్భమున కలిసిన చిన్న సంస్థ యొక్క రంగులకు సరియైన ఆధారము కావలెనన్నచో పాత ఛాయాపటములు వెదకవలెను. అవియు తరచుగా నలుపుతెలుపులలో నుండును. తోక మీది గీత ఎఱుపో నారింజయో ఎవరు చెప్పగలరు? తప్పు రంగు వేసినచో మొదట తిట్టువారము మేమే.

పైగా ఈ దోషము నేటిది కాదు. పోతబొమ్మల చరిత్రయందు లివర్‌పూలు నగరపు మెకానో కంపెనీవారి 'డింకీ' బొమ్మలకు పెద్దపీట వేయవలెను. 1934 నుండియు వారు విమానములు చేసిరి. 1930-40 సంవత్సరముల నడుమ ఇంగ్లండునుండి మన దేశము మీదుగా సింగపూరు త్రోవను పోవుచుండిన ఎంపైరు నీటివిమానమును వారు 1937 లో బొమ్మగా విడిచిరి. నిజమైన ఆ విమానములకు ఓడలవలె ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు ఉండెడిది. డింకీవారు అచ్చు ఒకటే ఉంచి, పేరు మార్చుచు పోయిరి. ఆపై అదే అచ్చుకు రంగు మార్చి అట్లాంటికు నీటివిమానమనియు అమ్మిరి. ఆనాటి పిల్లలును తమ తాతలతో "అంతేనా?" అనియే యుందురు. 1979 లో ఆ కర్మాగారము మూతపడినది. నేడు ఆ నీటివిమానములలో ఒక్కొక్క పేరును వెదకి వెదకి కొనుచున్నవారము మేమే! పాతబడిన పునరుక్తికి పూజ, క్రొత్త పునరుక్తికి శాపము. ఇది విచిత్రము కాదా?

ఇంతకును బొమ్మలు చేయువారు ఆకాశమును చూచి గదా బొమ్మలు చేయవలసినది! ఆకాశమే ఒక్క అచ్చున పోసినట్లున్నప్పుడు వారేమి చేయుదురు? 1960 ప్రాంతమున ఒక పెద్ద విమానాశ్రయపు మేడమీద నిలిచినవానికి ఎన్ని రూపములు కనబడెడివి! 1952 మే నెలలో లండనునుండి జొహాన్నెస్‌బర్గుకు ప్రయాణికులతో ఎగిరి జెట్టుయుగమునకు తలుపు తెరచిన కామెట్ జాతి, ముక్కు కామెట్టుది, తోక తనదిగా గల ఫ్రాన్సువారి కారవెల్, నాలుగు చిన్న యంత్రముల వైకౌంట్, బోయింగు 707, డగ్లసు డీసీ-8, రష్యావారి ఇల్యూషిను. కాన్వెయిర్ 880 అను విమానము కట్టినవి 65 మాత్రమే. కొంతకాలము తరువాత వచ్చిన సొగసైన వీసీ-10 కట్టినవి 54. వ్యాపారముగా నష్టములే, కంటికి మాత్రము విందు. పల్లెటూరివాడు దూరమునుండి నడకను చూచి ఇది ఫలానావారి యెద్దని చెప్పునట్లు, ఆనాటివాడు నీడను చూచి విమానము పేరు చెప్పగలిగెడివాడు.

నేడో? చిన్న పెద్ద నగరముల నడుమ తిరుగునవి అధికభాగము రెండే కుటుంబములు: ఎయిర్‌బస్ ఏ320, బోయింగు 737. ఒక్కొక్కటి పదివేలకు మించి పుట్టినవి. 2023 జూను నెలలో మన ఇండిగోవారు ఒక్కమారుగా 500 ఏ320 కుటుంబపు విమానములకు ఉత్తరువిచ్చిరి. ఇంధనము ఆదా, మరమ్మతు సులభము, ఒక విమానము నేర్చిన చోదకుడు అన్నిటిని నడుపగలడు. టిక్కెట్టు చౌకయై సామాన్యుడును ఎగురుచున్నాడు. దీనిని నిందించుటకు నాకు నోరురాదు. 747 కట్టుట ఆగిపోయినది; 1574 వది, కడపటిది, 2023 జనవరి 31 న కొన్నవారికి అప్పగింపబడినది. ఏ380 అంతకుముందే, 2021 డిసెంబరులో, 251 తో ఆగినది. రంగులును అట్లే. తెల్లని శరీరము, తోకమీద ఒక గుర్తు. ఇదియే నేటి వేషము. ఆకాశమే ఒక మాటను మరల మరల చెప్పుచుండగా అద్దము క్రొత్తమాట చెప్పునా?

ఇట్లు ఎదుటివాని లెక్క సరిపోయినది. ఐనను నా మనస్సునకు తృప్తి కలుగలేదు. ఏలయన, ఈ పునరుక్తి వలన నా జేబునకు కలుగు నష్టము స్వల్పము. వేరొక నష్టము కలదు. కంటికి కనబడని దానిని జనులు త్వరగా మరతురు. అందుకు మన హైదరాబాదే సాక్షి. 1945 లో నిజాము ప్రభుత్వమును టాటావారును కలిసి దక్కను ఎయిర్‌వేస్ అను సంస్థను స్థాపించిరి. బేగంపేట దానికి ఇల్లు, డకోటా విమానములు దాని వాహనములు. 1953 లో దేశములోని విమానసంస్థలను జాతీయము చేసినపుడు, ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయిన ఎనిమిదింటిలో అది యొకటి. ఈ నగరమున నేడు ఎందరికి ఆ పేరు తెలియును? బేగంపేటనుండి ప్రయాణికుల విమానములు 2008 మార్చిలో శంషాబాదునకు తరలిపోయినవి. మా చిన్నాన్నయు నేనును నిలిచిన కంచె దగ్గర నిలువబడి, ఇచ్చట అవ్రో ఈలవేయుచు ఎగిరెడిదని మా మనుమరాలికి చెప్పినచో, ఎట్లుండెడిది తాతయ్యా యని యడుగును. చేతిలో పెట్టి చూపుటకు నావద్ద ఏమియు లేదు. దక్కను డకోటా గాని, ఇండియన్ ఎయిర్‌లైన్సు రంగుల అవ్రో గాని ఇన్నేండ్ల వెదకులాటలో నా చేతికి దొరకలేదు. మొన్న వచ్చిన 777 లు మాత్రము అడుగకయే వచ్చి ద్వారము తట్టుచున్నవి.

ఇచ్చట నేనొక తప్పు ఒప్పుకొనవలెను. ఆ యుత్తరమును పంపుటకు ముందు, నా ఫిర్యాదుకు బలముగా నుండునని, నా బీరువాలోని బొమ్మల లెక్క తీసితిని. మొత్తము 64. అందులో 777 లు 11. 747 లు 14. ఏ350 లు 6. ఏ320, 737 కుటుంబములవి 17. అన్నియు కలిసి 48. మిగిలిన చరిత్రమంతటికి, అనగా డకోటా మొదలు కాంకార్డువరకు, దక్కిన చోటు 16. ఈ లెక్కను ఒకటికి రెండుమార్లు కూడితిని. బ్యాంకులో నెన్నడును తప్పనివాడను, ఇచ్చటను తప్పలేదు. నా బీరువాయే ఆ నెలవారి పట్టిక! వారు నన్ను ఎరుగక అవే విమానములు చేయుచున్నారని నేననుకొంటిని. వారు నన్ను నాకంటె బాగుగ ఎరిగియే చేయుచున్నారు.

అంతతో తీరలేదు. కొన్నేండ్ల క్రిందట ఒక వైకౌంటు బొమ్మ అమ్మకమునకు వచ్చినది. 1957 నుండి మన ఇండియన్ ఎయిర్‌లైన్సువారు నడిపిన జాతి విమానము. రంగులు వేరొక దేశపు సంస్థవి గాని, పనితనము చక్కగా నున్నది. "ఇంత చిన్నదానికి ఇంత వెలయా? నాలుగు నెలలు ఆగినచో తగ్గించి అమ్ముదురు, అప్పుడు కొందము" అని యూరకుంటిని. అదే వారమున, తగ్గింపులేని పూర్తి వెలకు, ఒక 777 కొంటిని. నాలుగు నెలలు గడచిన పిమ్మట వైకౌంటు వెల తగ్గిన మాట నిజమే. నావలెనే అందరును వేచియుండిరి కాబోలు, అంగడివాడు తగ్గించి యమ్మి, "ఇక ఇట్టివి తెప్పించను సారూ, నష్టము" అనెను. ఆ తగ్గింపు వెలకును నాకు దొరకలేదు. ముందుగనే వేరెవరో తీసికొనిపోయిరి. ఆనాడు పోయినది ఒక బొమ్మ మాత్రమే కాదు. అటువంటి మరియొకటి చేయవలెనన్న ధైర్యము ఎక్కడనో ఒక కర్మాగారమున కొంచెము తగ్గియుండును. దానిని తగ్గించిన చేతులలో నాదియు ఒకటి.

కావున ఉత్తరమును చింపి, మరల వ్రాసితిని. ఈమారు తిట్టు లేదు. "అయ్యా, మీరు అవ్రో 748 ను చేసినచో పూర్తి వెల యిచ్చి రెండు కొందును" అని వ్రాసి, నావద్ద నున్న పాత ఛాయాపటముల నకళ్లు జతపరచితిని. నా మిత్రులు నలుగురు అట్లే వ్రాసిరి. అయిదుగురి మాటకు ఉక్కు అచ్చు కదలునా యని మీరడుగవచ్చును. కదలకపోవచ్చును. కాని అయిదువందలమంది కొన్న 777 యే మరియొక 777 ను పుట్టించినదన్నచో, అయిదువందలమంది కొన్న అవ్రోకును పిల్లలు పుట్టవలెను గదా! మేము పెదవితో అడిగినది వారు చేయరు. డబ్బుతో అడిగినదే చేయుదురు. ఇన్నాళ్లును మా పెదవి ఒకటి చెప్పినది, మా డబ్బు వేరొకటి చెప్పినది.

నాకు నేను మూడు నియమములు పెట్టుకొంటిని. బీరువాలో నున్న రూపమునే మరల కొనను. అక్షరము మారినను, రేకులు వాలినను కొనను. ఎవరును చేయని విమానమును ఎవరైన ధైర్యముతో చేసినచో, వెల తగ్గువరకు వేచియుండక మొదటి దినముననే కొందును. మూడవది, కొన్న ప్రతిదాని క్రింద ఒక చీటి వ్రాసిపెట్టుదును: ఏ విమానము, ఎవరు నడిపిరి, ఎచ్చటనుండి ఎచ్చటికి పోయినది. చీటి వ్రాయుటకు క్రొత్తమాట యేమియు దొరకనిచో అది నాకు అక్కరలేని బొమ్మ. ఈ మూడవ నియమము మొదటి రెండింటికన్న బాగుగ పనిచేయుచున్నది. ఈ యేడాది నేను కొన్నవి రెండే.

ఒకే రూపముగలవానిలో ఒక్కొక్కటి ఉంచుకొని, తక్కిన జోడులను మా వీధి పిల్లలకు పంచితిని. 'పరిమిత సంఖ్య' గల ఆ విమానములు ఇప్పుడు అపరిమితముగా మా వాకిటి ఇసుకలో దిగుచు, ఎగురుచు, ఒక్కొక్కటి చక్రములు ఊడి పడియున్నవి. మొదట ప్రాణము చివుక్కుమన్నమాట నిజము. కాని అద్దము వెనుక కవలలై నిలిచిననాడు వాటికి లేని భేదము ఇప్పుడు వచ్చినది. ఒకదాని రెక్క వంగినది, ఒకదాని ముక్కు చొట్టపోయినది. మా మనుమరాలు ప్రతిదానిని దూరమునుండియే గుర్తించుచున్నది.

బీరువాలో పైయరలో ఒక చోటు ఖాళీగా విడిచితిని. 400 వ వంతున అవ్రో రెక్కల వెడల్పు ఏడున్నర సెంటిమీటరులు. సరిగా అంతయే చోటు. బొమ్మ లేదు గాని చీటి ముందుగనే వ్రాసిపెట్టితిని: "అవ్రో 748, కాన్పూరున కట్టినది, బేగంపేటనుండి ఎగిరినది." వచ్చినవారందరును నిండియున్న అరలను దాటిపోయి ఆ ఖాళీ చోటు దగ్గర ఆగి, "ఇక్కడ ఏమున్నదండీ?" అని అడుగుచున్నారు. నేను చెప్పుచున్నాను. సైకిలు కడ్డీ, వేరుసెనగకాయలు, చెవులు మూసికొన్న చిన్నాన్న, సాగరము మీదుగా సన్నగిల్లిన ఆ ఈల, అన్నియు చెప్పుచున్నాను. మొన్న నొకనాడు నేను స్నానమునకు పోయియుండగా ఎవరో వచ్చి అడిగినారట. మా మనుమరాలు ఒక్క ముక్క వదలక చెప్పి, చివర ఈలకూడ వేసి చూపినదట.

నాకిచ్చిన కాలము ముగిసినది. సెలవు.